ఎరువు తెచ్చుకున్న ప్రజాస్వామ్యం

నేపర్‌విల్‌లో శనివారం పాట్‌లక్ ఎలా ఉంటుందో మన పాఠకులకి కొత్తగా చెప్పేదేం లేదు. బేస్‌మెంట్‌లో పిల్లల గోల, కిచెన్‌లో అల్యూమినియం ట్రేల నిండా పులిహోర, గుత్తివంకాయ. భోజనాలయ్యాక ఫ్యామిలీ రూంలో చేరి ప్రపంచాన్ని బాగు చేసే కార్యక్రమం. మొన్నొక వీకెండ్ మేమూ అలాంటి సభలో ఉన్నాం. టీవీలో ఏదో దేశంలో గొడవల వార్త నడుస్తోంది.

"మనవాళ్లు వెళ్లి ఒకసారి శుభ్రంగా సర్వీసింగ్ చేసి, ఎలక్షన్లు పెట్టి వచ్చేస్తే గానీ ఆ దేశాలు బాగుపడవండీ" అన్నారు ఒకాయన. మనవాళ్లంటే ఇక్కడ అమెరికా మిలిటరీ అని అర్థం. "ఇరాక్‌లో చేశారుగా, ఏమైంది?" అన్నారు ఇంకొకరు. "జపాన్‌లో కూడా చేశారుగా, ఏమైంది?" అని మొదటాయన ఎదురు ప్రశ్న వేశారు. వాదన అక్కడక్కడే గిరగిరా తిరుగుతోంది.

కొడుకు దగ్గరికి నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దాయన అంతవరకు సోఫాలో ఓ మూల కూర్చుని వింటున్నారు. ఎనభై దాటి చాన్నాళ్లయిన మనిషి. మెల్లగా అందుకున్నారు. "మా దగ్గరికి గూడ మిలట్రీనే వచ్చింది బిడ్డా. పోలీస్ యాక్షన్ నాడు నాకు తొమ్మిదేండ్లు. సూర్యాపేట రోడ్డు మీద మిలట్రీ బండ్లు పోతుంటే నిలబడి జై కొట్టినం. ఊరిడిసి పారిపోయిన దొర ఆర్నెల్లకు మళ్ల గడీలకు వచ్చిండు. అప్పుడు రూమీ టోపీ, ఇప్పుడు గాంధీ టోపీ. గంతే తేడా."

కాసేపాగి, "గని నాలుగేండ్లకు ఓటొచ్చింది. అసలు తేడా గప్పుడు తెలిసింది" అన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. బయటి సైన్యం ప్రజాస్వామ్యాన్ని తెచ్చిపెట్టగలదా, పెడితే అది నిలుస్తుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం బాగ్దాద్ వైపు చూస్తాం, కాబూల్ వైపు చూస్తాం. మన హైదరాబాద్ వైపు మాత్రం చూడం.

ఇది మనకి కాలక్షేపం కబురు కాదండీ. హెచ్-1బీ అయినా, గ్రీన్‌కార్డ్ అయినా, సిటిజన్ అయినా, ఈ దేశంలో మనం తీసుకునే జీతంలోంచి ఫెడరల్ ట్యాక్స్ పోతూనే ఉంటుంది. యుద్ధానికి ఖర్చయ్యే డబ్బులో మన చెమట కూడా ఉంది. ఇక ఇదే పేజీని గల్ఫ్‌లో చదివే అన్నదమ్ములకైతే అది డాలర్ల లెక్క కూడా కాదు, ప్రాణాల లెక్క. 2014 జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్ ఐసిస్ చేతికి చిక్కింది. జూలైలో ఎర్బిల్ నుంచి బయల్దేరిన ప్రత్యేక విమానం కొచ్చిలో కేరళ నర్సుల్ని దింపి హైదరాబాద్ వచ్చింది. అందులోంచి దిగినవాళ్లు మన తెలుగు కార్మికులే. అప్పు చేసి ఏజెంటు చేతిలో పోసి ఎడారికి వెళ్లే మనిషికి, ఆ దేశంలో ఎవరు ఎవరి మీద ఏం రుద్దారన్నది దూరపు రాజకీయం కాదు.

ముందు జపాన్ సంగతి తేల్చుకుందాం, వాదనలో అందరూ పట్టుకునే కొమ్మ అదే కాబట్టి. 1945లో జపాన్ ఓడిపోయింది. అమెరికా సైన్యం దిగింది. జనరల్ మెకార్థర్ ఆఫీసులో రాజ్యాంగం ముసాయిదా తయారైంది. 1947 మే 3న అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగం ఇప్పటికీ ఒక్క సవరణ లేకుండా నడుస్తోంది. ఇంతవరకు నిజమే. అయితే జపాన్‌కి పార్లమెంటు 1890 నుంచే ఉంది. వయసొచ్చిన మగవాళ్లకి ఓటు ఇస్తూ 1925లోనే చట్టం చేసుకున్నారు. పార్టీలున్నాయి, పేపర్లున్నాయి, పల్లెపల్లెకీ బళ్లున్నాయి. మధ్యలో సైనికాధికారులు వచ్చి అన్నిటినీ నొక్కేశారు. మెకార్థర్ ఆ నొక్కిన చేతిని తీయించారు, దానికి ఆడవాళ్ల ఓటు కూడా తోడైంది. 1946 ఏప్రిల్ ఎన్నికల్లో జపాన్ ఆడవాళ్లు మొదటిసారి ఓటేశారు. జర్మనీ కూడా అంతే, హిట్లర్‌కి ముందే పార్టీలూ ఎన్నికలూ తెలిసిన దేశం. పూడిపోయిన బావిలో పూడిక తీయడం వేరు, బండ నేలలో కొత్త బావి తవ్వడం వేరు.

ఇరాక్‌లో పూడిక తీస్తామని దిగినవాళ్లు బావి వరల్ని కూడా పీకేశారు. 2003 మార్చిలో యుద్ధం మొదలైంది, ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. మే నెలలో అమెరికా పంపిన పాలనాధికారి పాల్ బ్రెమర్ వారం తేడాలో రెండు ఉత్తర్వులిచ్చారు. ఒకదానితో బాత్ పార్టీలో పై మెట్టు వాళ్లు సర్కారీ కొలువుల్లోంచి పోయారు. రెండోదానితో ఇరాక్ సైన్యమే రద్దయింది. తుపాకీ పట్టడం తప్ప వేరే పని తెలియని లక్షల మంది ఒక్క సంతకంతో రోడ్డున పడ్డారు. తర్వాత వాళ్లలో కొందరు ఎవరి పక్కన చేరారో లోకమంతా చూసింది.

2005 జనవరి 30న ఎన్నికలు జరిగాయి. బాంబుల భయంలో కూడా జనం క్యూలు కట్టి, సిరా పూసిన వేళ్లు కెమెరాలకి చూపించారు. ఆ ధైర్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకి లేదు. కాకపోతే సున్నీల్లో ఎక్కువమంది ఆ ఎన్నికకి దూరంగా ఉండిపోయారు. అలా ఎన్నికైన సభే రాజ్యాంగం రాసింది. ప్రధాని షియా, స్పీకర్ సున్నీ, అధ్యక్షుడు కుర్దు అన్న పంపకం ఆనవాయితీగా స్థిరపడింది. మంత్రి పదవులు వాటాలయ్యాయి, వాటాలు దుకాణాలయ్యాయి. 2019 అక్టోబర్‌లో ఈ వాటాల పద్ధతే మాకొద్దని కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చారు. వందల మంది చచ్చిపోయారు, ప్రధాని అబ్దుల్ మహదీ రాజీనామా చేశారు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇరాక్‌లో ఎన్నికలు ఆగిపోలేదు. 2002లో సద్దాం హుస్సేన్ తనకి నూటికి నూరు శాతం ఓట్లొచ్చాయని ప్రకటించుకున్న రోజులకన్నా ఇది మేలే. ఆ మేలుకి దాదాపు 4,500 మంది అమెరికా సైనికులు, లక్షకి పైగా ఇరాక్ పౌరులు ప్రాణాలతో ధర కట్టారు. అంత ధర కట్టాలా వద్దా అని ఆ పౌరుల్ని మాత్రం ఎవరూ ఓటు అడగలేదు.

అఫ్ఘానిస్తాన్ కథ ఇంకా తొందరగా చెప్పొచ్చు. 2001లో తాలిబన్లని దింపారు, 2004లో రాజ్యాంగం, ఎన్నికలు వచ్చాయి. 2014లో అధ్యక్ష ఎన్నిక తగువు తెగకపోతే అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ స్వయంగా కాబూల్ వెళ్లి అష్రఫ్ ఘనీకి, అబ్దుల్లాకి రాజీ కుదిర్చారు. ఓట్లు పడింది ఒకచోట, ప్రభుత్వం తేలింది ఇంకోచోట. 2020 ఫిబ్రవరిలో దోహాలో అమెరికా తాలిబన్లతో ఒప్పందం చేసుకున్నప్పుడు కాబూల్‌లో ఉన్న ఎన్నికైన ప్రభుత్వానికి అక్కడ కుర్చీ కూడా వేయలేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబన్ల వశమైంది. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇచ్చినవాడు అడిగిన రోజున మెడలోంచి తీసి ఇచ్చేయాల్సిందే.

ఇక మన ఇంటి సంగతికొద్దాం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. మరునాడు జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయారు. ఐదు రోజుల్లో అయిపోయింది. ఆ ఐదు రోజుల ముందూ వెనకా చూస్తేనే మన ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

ముందు ఏముంది? నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఆ ఇరుకులోనే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. 1921లో ఒక సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జన సంఘం వచ్చింది. 1926లో గోలకొండ పత్రిక, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ. గ్రంథాలయం కమిటీ వేసుకోవడం, అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం, తీర్మానం మీద కొట్లాడుకోవడం జనం అక్కడే నేర్చుకున్నారు. 1944 భువనగిరి సభలో అతివాదులు, మితవాదులు విడిపోయారు కూడా. చీలిపోవడం కూడా ప్రజాస్వామ్యంలో ఒక పాఠమే కదా. తర్వాత ఊళ్లలో సంఘం కర్రలు పట్టింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటని దొర గడప తొక్కనివ్వలేదు. సైన్యం రాకముందే జనం లేచి నిలబడి ఉన్నారు.

వెనక ఏం జరిగింది? ఇక్కడ మనం అద్దంలో సరిగ్గా చూసుకోవాలి. ఒక్క ఓటు పడకుండా మూడున్నరేళ్లు గడిచాయి. మొదట మిలిటరీ గవర్నర్‌గా చౌదరి, 1950 జనవరి 26 నుంచి నియమించబడిన ముఖ్యమంత్రిగా ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె. వెల్లోడి. నిజాం అదే రోజు రాజప్రముఖ్ అయ్యారు. మద్రాసు నుంచి, బొంబాయి నుంచి అధికారులు దిగారు. సైన్యం రాకముందు రజాకార్లు బైరాన్‌పల్లి లాంటి ఊళ్లలో చేసిన ఘోరాలు మనం బడి పుస్తకాల్లో చదువుకున్నాం. సైన్యం వచ్చే రోజుల్లోనూ వచ్చాకా ముస్లింల మీద జరిగింది మాత్రం చదువుకోలేదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. ఆ నివేదిక 2013 దాకా మామూలు జనం చేతికి అందలేదు. ఇటు నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో అదే సైన్యం కమ్యూనిస్టుల వేటలో పడింది. నిజాం కాలం, యూనియన్ సైన్యాల కాలం కలిపి ఆ పోరాటంలో 4 వేల మంది చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. 1951 అక్టోబర్‌లో పోరాటం ఆగింది. పెద్దాయన చెప్పిన టోపీ మార్చిన దొర ఈ మూడేళ్ల మనిషే.

ఇంతవరకు చూస్తే బాగ్దాద్‌కీ మనకీ పెద్ద తేడా కనిపించదు. నియమించిన పాలకులు, బయటి అధికారులు, దాచిపెట్టిన శవాల లెక్క. మరి మనది ఎలా నిలిచింది?

1952లో దేశమంతటితో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనూ వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటొచ్చింది. కమ్యూనిస్టు పార్టీ మీద అక్కడ నిషేధం ఉండటంతో ఆ పార్టీ వాళ్లు పి.డి.ఎఫ్. పేరుతో నిలబడ్డారు. 175 సీట్ల అసెంబ్లీలో కాంగ్రెస్‌కి 93 వస్తే, నిన్నటిదాకా సైన్యం అడవుల్లో వెతికిన వాళ్లకి 42 వచ్చాయి. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి దేశంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి, నెహ్రూకన్నా కూడా. ఆయన్ని గెలవనివ్వకూడదని ఏ జనరలూ అనలేదు. మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

మా దృష్టిలో అసలు కిటుకు ఆ లోక్‌సభ సీట్లలోనే ఉంది. హైదరాబాద్ రాష్ట్రానికి 25 ఎంపీ స్థానాలిచ్చారు. అంటే ఏ ఢిల్లీ సైన్యాన్ని పంపిందో, ఆ ఢిల్లీ ప్రభుత్వం మూడున్నరేళ్లకి అదే జనం ముందు చేతులు జోడించి ఓటు అడగాల్సి వచ్చింది. వద్దనుకున్నచోట జనం వద్దన్నారు కూడా. ఇరాకీ సోదరుడికి తన ప్రధానిని మార్చుకునే ఓటు ఇచ్చారు గానీ, తన ఊరి మీదకి సైన్యాన్ని పంపిన బుష్‌ని మార్చే ఓటు ఎవరిచ్చారు? కాబూల్ రైతుకి దోహా ఒప్పందం మీద ఓటు ఏది? సైన్యాన్ని పంపినవాడు ఓటు కోసం ఎవరి గడపకి వెళ్లాలో చూస్తే చాలు, తెచ్చిపెట్టిన ప్రజాస్వామ్యం ఎవరిదో తెలిసిపోతుంది.

హైదరాబాద్‌కి వచ్చింది పరాయి సైన్యం కాదు కదా, రెంటినీ ఎలా పోలుస్తారని అడిగేవాళ్లుంటారు. నిజమే, పూర్తి పోలిక కాదు. సరిహద్దుకి అటూ ఇటూ ఒకే భాష, చుట్టరికాలు. నిజాం ప్రభుత్వం మాత్రం దీన్ని విదేశీ దాడి అని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దాకా తీసుకెళ్లింది. నల్లగొండ రైతుకి ఆ సైన్యం పరాయిది అనిపించలేదు. ఆ రోజుల్లో ఉస్మానాబాద్‌లో ఇల్లు కాలిపోయిన ముస్లిం కుటుంబానికి ఏమనిపించి ఉంటుంది? సెప్టెంబర్ 17ని విమోచన అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అన్న తగువు ఇన్నేళ్లయినా తెగకపోవడానికి కారణం అదే. 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం సమైక్యతా దినమంది. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినమంది.

ఓటొచ్చాక అన్నీ చక్కబడిపోయాయని కూడా మేము అనడం లేదు. బయటి అధికారులు పెట్టిన మంట 1952లోనే ముల్కీ ఉద్యమమై లేచింది. సెప్టెంబర్ మొదట్లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తేడా ఏమిటంటే, ఆ కాల్పుల మీద హైకోర్టు జడ్జి పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ వేయక తప్పలేదు, అసెంబ్లీలో జవాబు చెప్పక తప్పలేదు. అదే కోపం 1969లో మళ్లీ రగిలింది, 2014 జూన్ 2న వేరే రాష్ట్రమై తేలింది. అరవై రెండేళ్లు పట్టింది, చాలామంది బిడ్డలు పోయారు. చివరికి తేలింది మాత్రం పార్లమెంటులోనే.

ఇప్పుడు మళ్లీ మన నేపర్‌విల్‌కొద్దాం. మేయరు, ఎనిమిది మంది కౌన్సిల్ సభ్యులతో నడిచే ఊరు ఇది. కౌన్సిల్‌కి వార్డుల వారీ ఎన్నిక కావాలని 2010లో ఊరి జనం ఓటేశారు. బాగా ఆలోచించుకుని 2013లో వద్దని మళ్లీ ఓటేశారు. పొరపాటు అనుకున్నదాన్ని తామే దిద్దుకున్నారు, బయటినుంచి ఎవరూ వచ్చి దిద్దలేదు. ఇల్లినాయిస్‌లో ఏటా ఏప్రిల్‌లో టౌన్‌షిప్ వార్షిక సభ జరుగుతుంది. ఆ టౌన్‌షిప్ ఓటరు ఎవరైనా వెళ్లి అక్కడ మాట్లాడొచ్చు, చెయ్యెత్తి ఓటేయొచ్చు. మనలో ఎంతమంది ఆ సభ గుమ్మం తొక్కాం? ఇండియన్ స్టోర్‌లో బెండకాయల ధర గురించి మాట్లాడినంత కూడా మనం దాని గురించి మాట్లాడం.

ఇరాక్ యుద్ధానికి అనుమతి ఆకాశంలోంచి ఊడిపడలేదు. 2002 అక్టోబర్‌లో ప్రతినిధుల సభలో 296 మంది అవునన్నారు, 133 మంది కాదన్నారు. సెనేట్‌లో 77 మంది అవునన్నారు, 23 మంది కాదన్నారు. కాదన్న ఆ 23 మందిలో మన ఇల్లినాయిస్ సెనేటర్ డిక్ డర్బిన్ ఒకరు. అదే నెలలో షికాగో డౌన్‌టౌన్ సభలో ఆ యుద్ధం వద్దని మాట్లాడిన రాష్ట్ర సెనేటర్ పేరు బరాక్ ఒబామా. ఇక్కణ్ణించి రైలెక్కితే గంటలో చేరే చోటు అది. అంటే బాగ్దాద్ జనానికి లేని ఓటు ఈ వీధుల్లో ఉంది. సిటిజన్ అయిన మనవాళ్ల చేతుల్లో కూడా ఉంది. వాళ్ల తరఫున వేయాల్సిన ఓటు కూడా అదే.

కాబట్టి సిటిజన్లకి మా మనవి: అధ్యక్ష ఎన్నిక దాకా ఆగకండి. కాంగ్రెస్ అభ్యర్థి మన గుడికో, మన దీపావళి ఫంక్షన్‌కో వచ్చి నమస్తే పెట్టినప్పుడు సెల్ఫీతో సరిపెట్టకండి. వీసా సంగతి ఎలాగూ అడుగుతారు, యుద్ధం మాట వస్తే ఎటు ఓటేస్తారో కూడా అడగండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇక్కడ ఓటు లేకపోయినా, 2010 చట్ట సవరణతో సొంతూరి ఓటర్ల జాబితాలో పేరు రాయించుకునే వీలుంది. పోలింగ్ రోజున స్వయంగా వెళ్లి వేయాలి, కష్టమే. గల్ఫ్ అన్నదమ్ములకి టికెట్టు ఖర్చు ఇంకా కష్టం. పేరైనా జాబితాలో ఉంచుకుందాం. ఉన్నచోటే ఓటు వేసే వీలు కల్పించమని గట్టిగా అడగడానికి ఆ పేరే ఆధారం.

ఇంకో చిన్న మాట. "ఆ జనానికి ప్రజాస్వామ్యం అరగదండీ" అని ఫ్యామిలీ రూంలో తేలిగ్గా అనేస్తాం. మన తాతల గురించి కూడా ఇలాగే అన్నారు. చదువు రాని పాలేర్లకి ఓటా అని నవ్వినవాళ్లు 1952లో మన జిల్లాల్లోనే ఉన్నారు. దూరపు జనాన్ని చూసి నవ్వే ముందు అది గుర్తుంచుకుందాం.

ఆ శనివారం వెళ్లిపోయే ముందు పెద్దాయన్ని అడిగాం: "ఓటొచ్చాక తేడా తెలిసిందన్నారు, ఏం తెలిసిందండీ?" ఆయన చెప్పులు వెతుక్కుంటూ ఇలా అన్నారు. "అప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా పెట్టిండ్రు బిడ్డా, పరద ఎనక. మా అమ్మ కాయిదం డబ్బాల ఏసొచ్చింది. దొరసాని గూడ మా అమ్మ ఎనకనే లైన్ల నిలబడ్డది. ఇంటికొచ్చి మా అమ్మ ఒక్కటే అన్నది, 'ఆమెకూ ఒక్కటే ఇచ్చిండ్రురా' అని."